తలకోనకి కారు మాట్లాడుకునే ముందు

దర్శనం అయిపోయాక తిరుపతిలో ఒక రోజు మిగిలితే ఎక్కడికి వెళ్ళాలని మా చుట్టాలు అడుగుతూనే ఉంటారు. మా ఇల్లు కొర్లగుంటలో. కొండకి వచ్చేవాళ్ళు ముందు మా ఇంట్లోనే దిగుతారు. నేను చెప్పేది ఒకటే. తలకోన జలపాతానికి వెళ్ళండి, ప్యాకేజీ వ్యానులో మాత్రం వద్దు. సొంత కారు తానే నడుపుకునే లోకల్ డ్రైవర్‌ని రోజు లెక్కన మాట్లాడుకోండి. కార్తీకంలో రాజమండ్రి నుంచి మా ఆడపడుచు వాళ్ళు వస్తే అలాగే వెళ్ళాం. ఆ సర్వీసు ఎలా ఉందో రాస్తున్నాను. డ్రైవరన్న పేరు, నంబరు ఇక్కడ పెట్టను. అలాంటివాళ్ళు స్టాండులో ఇంకా ఉన్నారు, ఏం చూసుకుని మాట్లాడుకోవాలో తెలిస్తే చాలు.

ముందు డబ్బు సంగతి. ఊరు దాటి వెళ్ళే బండికి చాలా ట్రావెల్స్‌లో రోజుకి కనీసం 250, 300 కిలోమీటర్ల లెక్క కడతారు. తలకోన పోను రాను కలిపి 120 దాకా ఉంటుంది, అంతే. అంటే తిరగని దూరానికి కూడా డబ్బులు కడుతున్నాం. అంతకుముందోసారి ఒక ట్రావెల్స్‌లో బండి తీసుకుంటే, ఇంటికి దించాక ఘాట్ చార్జీ అని, బత్తా అని, ఏసీ అని ఒక్కోటి కలుపుతూ పోయారు. గుమ్మంలో నిలబడి బేరమాడలేక ఇచ్చేశాం. ఈ డ్రైవరన్న అలా చేయలేదు. ఎర్టిగాకి 4,500 అన్నాడు. డీజిల్, బత్తా, ఏసీ అన్నీ అందులోనే, పార్కింగూ ఎంట్రీ టికెట్లూ మావి. ఆ మాటలే వాట్సాప్‌లో పెట్టమంటే వెంటనే పెట్టాడు. రాత్రి దిగేటప్పుడు అంతే తీసుకున్నాడు.

ఇక నాకు బాగా నచ్చింది, ఏది ముందు ఏది తర్వాత అన్నది ఆయనే ఆలోచించి చెప్పడం. మేం శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట చూసుకుని తలకోన పోదాం అనుకున్నాం, దారిలో వరసగా వస్తాయి కదా అని. "వద్దక్కా, మబ్బులోనే, తెల్లారకముందే బయల్దేరి నేరుగా తలకోనకి పోదాం. జనాలు రాకముందే పైకి ఎక్కేయొచ్చు. కోట తిరిగొచ్చేటప్పుడు చూస్తాం" అన్నాడు. ఇంకో కారణం కూడా చెప్పాడు, దారిలో వచ్చే భాకరాపేట ఘాట్ చీకట్లో దిగకూడదని. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు ఆ ఘాట్‌లోనే రాత్రిపూట లోయలో పడింది. మా ఊళ్ళో ఆ సంగతి ఎవరూ మర్చిపోలేదు. అందుకే ఆ మాట నోట రాగానే మా ఆయన సరే అన్నారు. మీరు ఎవర్ని మాట్లాడుకున్నా సరే, వెలుగుండగానే ఘాట్ దిగేయాలని ముందే చెప్పండి.

ఘాట్‌లో మలుపు మలుపుకీ హారన్ కొట్టాడు. ఎదురుగా లారీ కనిపిస్తే తనే పక్కకి తీసి ఆగాడు. ఆడపడుచు చిన్నకొడుక్కి కడుపులో తిప్పుతుంటే అడక్కుండానే బండి ఆపి, డాష్‌బోర్డులోంచి నిమ్మకాయ తీసి ఇచ్చాడు. భాకరాపేట దాటి నెరబైలు వైపు తిరిగాక రోడ్డు సన్నబడుతుంది, రెండు పక్కలా అడవి. అక్కడినుంచి ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

తలకోనలో ముందు సిద్ధేశ్వర స్వామి గుడి వస్తుంది, జలపాతానికి అక్కడినుంచి మెట్లెక్కి నడవాలి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆ మెట్లు ఎక్కలేరు. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి ఎలా వెళ్తాం అని నేను ఆగిపోబోతుంటే డ్రైవరన్న "మీరు పోయి రాండక్కా, అమ్మ దగ్గర నేనుంటా" అన్నాడు. మేం తిరిగొచ్చేసరికి ఆవిడకి దర్శనం చేయించి, నీడలో కూర్చోబెట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చి, తను పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్తగారు వాళ్ళ ఊరి కబుర్లన్నీ ఆయనకి చెప్పేశారు. బిల్లులో రాసుకునే పని కాదది. ఈ సర్వీసుకి నేను మంచి మార్కులు వేసింది దానికే.

జలపాతం ఎత్తు 270 అడుగులు, మన రాష్ట్రంలో ఇంతకంటే ఎత్తయింది లేదంటారు. ఇక్కడ వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ నెలల్లో నీళ్ళు బాగుంటాయి. ఎండాకాలం వస్తే సన్నటి ధారే. మేం వెళ్ళిన రోజు గాలి మళ్ళినప్పుడల్లా తుంపర దూరంగా కూర్చున్నవాళ్ళ మీదకి కూడా వచ్చింది, కళ్ళజోడు తుడుచుకోవడమే సరిపోయింది. దారిలో గిల్లతీగ చూడకుండా రావద్దు. మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి పాకి ఉంటుంది. దాని కాయలు కత్తుల్లా వేలాడుతుంటాయి. పిల్లలు పట్టుకుని ఊగబోతే వారించండి.

మడుగులోకి దిగి ఈత కొట్టడం మాత్రం వద్దే వద్దు. నీళ్ళ కింద బండలు కనపడవు. అక్కడ దూకి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళున్నారు. పెద్ద వాన కురిసిన మర్నాడు లోపలికి పంపరు కూడా, బయల్దేరే ముందు డ్రైవర్‌తో కనుక్కోమనండి. చేతిలో కవర్లు కనిపిస్తే కోతులు వదలవు, తినేవన్నీ జిప్పున్న సంచిలో పెట్టుకోండి. చెప్పులు పట్టున్నవి వేసుకోండి, పాచి పట్టిన రాళ్ళు చాలా ఉన్నాయి. కార్తీక సోమవారాలు, ఆదివారాలు జనం విరగబడతారు, వాటిని వదిలేసి మేం బుధవారం వెళ్ళాం.

పైన తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. మేం పులిహోర కట్టుకెళ్ళాం. తిరిగొచ్చే దారిలో చిన్న హోటల్ దగ్గర ఆపాడు, బోర్డు కూడా లేదు. రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి (పచ్చడి), నాటుకోడి పులుసు. రాజమండ్రి వాళ్ళు సంగటి ఎలా తినాలో తెలియక నములుతుంటే హోటలామె వచ్చి, ముద్ద తుంచి పులుసులో అద్ది మింగాలని చూపించింది. మా బావగారు రెండోసారి పెట్టించుకున్నారు.

చంద్రగిరి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. మ్యూజియం రాజమహల్లో ఉంటుంది, శుక్రవారం సెలవు, సాయంత్రం ఆలస్యం చేస్తే లోపలికి వెళ్ళలేం. మూడంతస్తుల మహల్ అంతా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కట్టె వాడలేదు. 1639లో ఇంగ్లీషువాళ్ళకి మద్రాసు చోటు దక్కింది చంద్రగిరి రాజుల కాలంలోనే. అది చెప్పాకే మా పెద్ద మేనల్లుడు ఫోన్ జేబులో పెట్టాడు. మంగాపురం గుడికి దీపాలు పెట్టే వేళకి చేరాం. పెళ్ళయ్యాక స్వామి, పద్మావతి అమ్మవారు ఆరు నెలలు ఇక్కడే ఉన్నారని నమ్మకం, అందుకే కొత్త దంపతులు ఎక్కువగా కనిపిస్తారు.

లోపాలూ ఉన్నాయి. వెనక సీట్ల బెల్టులు కవర్ల కింద ఇరుక్కుపోయాయి, పిల్లలకి పెట్టలేకపోయాం. ఘాట్ రోడ్డు మీద వెళ్ళే బండికి ఇది చిన్న విషయం కాదు. మేం చెప్తే సరిచేయిస్తానన్నాడు, మీరు మాత్రం ఎక్కేముందే లాగి చూసుకోండి. స్టెప్నీలో గాలుందా అని కూడా అడగండి. ఇంకో మాట, కొండ మీద దర్శనం టోకెన్ ఉన్న రోజే ఈ ట్రిప్ పెట్టుకోవద్దు. క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ టెన్షన్‌తో జలపాతం దగ్గర అరగంట కూడా కూర్చోలేరు. దర్శనం అయిన మర్నాడు పెట్టుకుని, రాత్రి 9 తర్వాతి రైలుకి టికెట్ తీసుకోండి.