డిఫ్యూజన్ టూల్‌కిట్: ఏఐ బొమ్మల కుప్పలో వెతుకులాట తగ్గింది

శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు స్టేబుల్ డిఫ్యూజన్‌లో (మాటల్లో అడిగితే బొమ్మ గీసిచ్చే ఏఐ) తీయడం మొదలుపెట్టాక హార్డ్ డిస్క్ నిండిపోయింది. ఒక మంచి బొమ్మ కోసం పాతిక తీస్తాం, మిగతావి పారేయడానికి మనసొప్పదు. ఫైళ్ల పేర్లు చూస్తే అన్నీ అంకెలే. "పోయినసారి వేసిన ఆ నెమలి డిజైనే కావాలి" అని పార్టీ వచ్చి కూర్చుంటే చచ్చేచావు.

డిఫ్యూజన్ టూల్‌కిట్ విండోస్‌లో నడిచే ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. స్టేబుల్ డిఫ్యూజన్‌ను నడిపే ఆటోమేటిక్1111, కంఫీయూఐ లాంటి సాఫ్ట్‌వేర్లు పీఎన్‌జీ బొమ్మ ఫైల్లోనే ప్రాంప్టు (మనం అడిగిన మాటలు), సీడు (ఆ బొమ్మ ఏ అంకెతో మొదలైందో అది), మోడల్ పేరు రాసిపెడతాయి. ఇది ఫోల్డర్లన్నీ స్కాన్ చేసి ఆ వివరాలను తన డేటాబేస్‌లోకి ఎక్కించుకుంటుంది. వెతికే పెట్టెలో "పీకాక్" అని ఇంగ్లిష్‌లో కొడితే చాలు, నెమలి అడిగిన బొమ్మలన్నీ వరసగా వచ్చేస్తాయి. ప్రాంప్టు, మోడల్‌తోపాటు సీడు కూడా దొరికితే దాదాపు అదే బొమ్మను రంగు మార్చి మళ్లీ తీయొచ్చు. నా పనికి ఇదొక్కటే చాలు.

అయితే అది వెతికేది మనం అడిగినదాన్ని, బొమ్మలో వచ్చినదాన్ని కాదు. నెమలి అడిగితే కోడిలాంటిదేదో వచ్చిన బొమ్మ కూడా ఈ జాబితాలో ఉంటుంది. అడక్కుండానే మూలన అందంగా వచ్చిన అరటిచెట్టు మాత్రం ఎంత వెతికినా దొరకదు. అలాంటివి కనబడగానే ఆల్బమ్‌లో వేసేస్తాను. ఆల్బమ్‌లో వేసినా ఫైలు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఒకే బొమ్మ "పెళ్లి"లోనూ, "గృహప్రవేశం"లోనూ ఉండొచ్చు. మార్కులేయడం ఇంకా తేలిక: ఒక్కో బొమ్మ చూస్తూ అంకె నొక్కుకుంటూ పోవడమే.

మార్కులు, ఆల్బమ్‌లు ఉండేది డేటాబేస్‌లో, బొమ్మలో కాదు. అందుకే ఫైళ్లు జరపాలంటే ఈ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే జరపండి. కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించే ముందు డేటాబేస్ కాపీ తీసుకోండి. చాటింగ్ యాప్‌లో మామూలు ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోయి లోపలి ప్రాంప్టు పోతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. నేను ఒరిజినల్ కావాలంటే డాక్యుమెంట్‌గానే పంపమంటాను.

కంఫీయూఐలో బొమ్మ తయారీ దశలను నోడ్లు అనే పెట్టెలుగా కలుపుకుంటూ పోతాం, ఆ గొలుసే వర్క్‌ఫ్లో. చిక్కు వర్క్‌ఫ్లోలు వాడేవాళ్లు ముందు పది బొమ్మలు పెట్టి చూసుకోవడం మంచిది, నోడ్లు మరీ వింతగా ఉంటే ప్రాంప్టు ఎక్కడుందో దానికి అంతుపట్టకపోవచ్చు. ఫోన్‌తో తీసిన ఫొటోలు సర్దుకోవడానికైతే ఇది వద్దు, డిజీకామ్ చూడండి.