పీడీఎఫ్‌తో ఇరవై ఏళ్ళ కాపురం: ఒక డీటీపీ వాడి రివ్యూ

పోయినేడు సంక్రాంతి ముందు డల్లాస్ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, 2005లో మా నాన్నగారి శతకం మీ షాపులోనే కొట్టించాం, గుర్తుందా? నాన్నగారి సంవత్సరీకానికి మళ్ళీ ఓ మూడొందల కాపీలు వేయిద్దామనుకుంటున్నాం, ఫైల్ ఏమన్నా ఉందా?" అన్నాడు. గుర్తులేకపోవడమేంటి, మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ప్రూఫులు దిద్దేవారు. పాత హార్డ్ డిస్క్ తీసి వెతికితే రెండు ఫైళ్ళు దొరికాయి, ఒకటి పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌ది, ఇంకోటి పీడీఎఫ్.

పేజ్‌మేకర్ ఫైల్ తెరిస్తే ఏడుపొచ్చింది. అప్పట్లో వాడిన తెలుగు ఫాంట్ల పాత వెర్షన్ ఈ సిస్టంలో లేదు, కొత్త వెర్షన్ ఉంది, దానివల్ల సగం ఒత్తులు ఎక్కడివక్కడ ఎగిరిపోయి కొమ్ములు పక్క అక్షరం మీదెక్కి కూర్చున్నాయి. మాస్టారి ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. అదే పీడీఎఫ్ డబుల్ క్లిక్ చేస్తే ఒక్క సున్నా కూడా పక్కకి జరగలేదు. 2005లో ఎలా పంపానో అలాగే ఉంది. నా రివ్యూలో మొదటి నాలుగు స్టార్లు ఇక్కడే ఇచ్చేశా.

ఇప్పటి పిల్లలకి పీడీఎఫ్ అంటే వాట్సాప్‌లో వచ్చేది, అంతే. మాకు అది ప్రాణం కాపాడిన మందు. అంతకుముందు సీడీలో ఫైలూ ఫాంట్లూ అన్నీ కాపీ చేసుకుని బస్సెక్కి విజయవాడ ప్రెస్సుకి వెళ్తే, అక్కడి సిస్టంలో వేరే వెర్షన్ ఉంటే మొత్తం గోవిందా, అక్కడే కూర్చుని పేజీ పేజీ సరిచేసుకుని రాత్రి ఆఖరి బస్సుకి రావడం. తర్వాత ఒకాయన నేర్పించాడు, ప్రింట్ టు ఫైల్ కొట్టి పీఎస్ ఫైల్ (ప్రింటర్ భాషలో రాసిన పేజీలు) తీసి దాన్ని, పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన డిస్టిల్లర్‌లో వేయాలి, ఫాంట్స్ ఎంబెడ్ అనే దగ్గర టిక్ పెట్టడం మర్చిపోకూడదు అని. ఆ ఒక్క టిక్కే అసలు సంగతి. అక్షరాల బొమ్మలు ఫైల్ లోపలే మూటకట్టుకుని వెళ్తాయి, కాబట్టి అవతలివాడి దగ్గర ఫాంట్ ఉందా లేదా అన్న గొడవే ఉండదు. ఆ టిక్ మర్చిపోయి ఒకసారి ఒక పెళ్ళి కార్డు తగలబెట్టుకున్నా, అది వేరే కథ.

అడోబీ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకడైన జాన్ వార్నాక్ 1991లో కామెలాట్ అనే పేరుతో పీడీఎఫ్ ఆలోచన రాసుకున్నాడు, 1993లో బయటికి వదిలారు. మొదట్లో చదువుకునే సాఫ్ట్‌వేర్‌కి కూడా డబ్బులు అడిగారంట, తర్వాత ఫ్రీగా ఇచ్చేశారు, ఇవ్వకపోతే మనదాకా వచ్చేదే కాదు. 2008లో దీన్ని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ స్టాండర్డ్ చేసేశారు, అంటే ఇక ఒక కంపెనీ సొంత ఆస్తి కాదు, ఎవడైనా తెరిచే సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు. అందుకే ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఏడు వేల రూపాయల ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. పేజ్‌మేకర్ అదే అడోబీ చేతిలో 7.0 దగ్గర ఆగిపోయింది చూడండి, తేడా అక్కడుంది.

సరే, ఇక తిట్లు.

డల్లాస్ అబ్బాయి ఇంకోటి అడిగాడు, "అన్నా, పద్యాలన్నీ వాట్సాప్ గ్రూపులో రోజుకొకటి పెడతా, కాపీ చేసి పంపవా" అని. పీడీఎఫ్‌లో పద్యం సెలెక్ట్ చేసి పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, పిచ్చి కూతలు వచ్చాయి. ఎందుకంటే ఆ పాత ఫాంట్లలో తెలుగు అనేదే లేదు, ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో మన తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా దాచారు. కంటికి తెలుగు, లోపల ఏబీసీడీ. పీడీఎఫ్ ఆ బొమ్మని పదిలంగా దాచింది కానీ అది "మ" అని దానికే తెలీదు. వెతికితే దొరకదు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెడితే కూతలు కూస్తుంది. యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే పద్ధతి) వచ్చాక ఈ బాధ పోతుందనుకున్నా, పూర్తిగా పోలేదు, ఇవాళ తయారైన పీడీఎఫ్‌ల్లో కూడా చాలావాటిలో కాపీ చేస్తే ఒత్తులు ఒకచోట అక్షరాలు ఒకచోట పడతాయి. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక లోపల సరిగ్గా ఉండాలి, సంయుక్తాక్షరాల దగ్గర అది తప్పుతుంది. ఇంగ్లిష్ వాళ్ళకి ఈ నొప్పి పెద్దగా తెలీదు, మన భాషలకే. చివరికి నూట ఎనిమిది పద్యాలూ గూగుల్ డ్రైవ్‌లో వేసి బొమ్మ నుంచి అక్షరాలు లాగించి, తప్పులు దిద్దుకుంటూ నాలుగు రాత్రులు కూర్చున్నా. దీనికి ఒక స్టార్ కోత.

ఫోన్‌లో చదవడం కూడా నరకమే, ఏ4 పేజీని వేళ్ళతో లాగి లాగి ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ. పేజీ కదలకపోవడం దాని గొప్ప, అదే దాని జబ్బు.

షాపులో ఇప్పుడు రోజూ నడిచేది మాత్రం వేరే యాపారం. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ తెలీక వచ్చేవాళ్ళు (పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం, దీన్ని ఎంతమందికి చెప్పి ఉంటానో), డిజిటల్ సంతకం మీద పసుపుపచ్చ ప్రశ్నార్థకం (ఇంకా సరిచూడలేదని అర్థం, అంతే) చూసి "దొంగదా బాబూ" అని కంగారుపడే పెద్దాయనలు, ఏదో పోర్టల్ 200 కేబీ లోపే కావాలంటే పదో తరగతి మెమో పట్టుకుని పరిగెత్తుకొచ్చే పిల్లలు. 200 కేబీకి కుదిస్తే మార్కులు కనపడవు, కనపడితే సైజు ఒప్పుకోదు.

ఒక్క విషయం మాత్రం అందరికీ గట్టిగా చెప్తా. ఒకాయన ఆస్తి కాగితాలు పీడీఎఫ్ చేసి అందులో ఆధార్ నంబర్ మీద నల్ల డబ్బా గీసి ఎవరికో పంపాడు. నేను ఆ డబ్బా మీద మౌస్‌తో సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూపిస్తే పన్నెండు అంకెలూ వరసగా వచ్చాయి, ఆయన మొహం చూడాలి. పీడీఎఫ్‌లో పైన ఏం కప్పినా కింద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పేజీని బొమ్మగా మార్చి మళ్ళీ పీడీఎఫ్ చేయండి, లేదా చెరిపే టూల్ ఉన్న సాఫ్ట్‌వేర్ వాడండి.

శతకం సంగతికొస్తే, ప్రెస్సుకి పంపే ముందు ఆ అబ్బాయి అన్నాడు, 63వ పేజీలో "ధనము" బదులు "దనము" అని పడిందంట, మాస్టారు బతికున్నన్నాళ్ళూ ఆ పొట్ట కింది గీత గురించి బాధపడ్డారంట. నేను కొట్టిన తప్పే. ఎడిట్ చేద్దామంటే ఈ సిస్టంలో ఆ ఫాంట్ లేదంటుంది. అప్పుడు 41వ పేజీలో ఇంకో పద్యంలో "ధనము" కనపడింది, ఆ మాటని అట్లాగే కత్తిరించి తెచ్చి, తప్పు మీద తెల్ల డబ్బా వేసి, దాని మీద అతికించా, బ్లేడూ జిగురూ పెట్టి పేస్టింగ్ చేసే రోజుల్లో లాగా. మూడొందల కాపీలు వచ్చాయి, ఎవరూ కనిపెట్టలేదు. ఫైల్‌లో మాత్రం ఆ తెల్ల డబ్బా కింద నా "దనము" ఇంకా అక్కడే ఉంది.