మూడేళ్లుగా రెండు నెలలకొక సూది: కాబోటెగ్రావిర్‌తో నా అనుభవం

హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా తీసుకునే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్‌ను డాలస్‌లో మూడేళ్లుగా వేయించుకుంటున్నాను. అంతకుముందు రెండేళ్లు ఇదే అవసరానికి రోజూ మాత్ర వేసుకున్నాను. నేను పురుషులను ప్రేమించే పురుషుడిని, ఆ సంగతి ఇంట్లో తెలియదు. మాత్రలు నా ఒంటికి బాగానే పడ్డాయి. వాటిని మానడానికి కారణం ఆ సీసా. విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలున్నప్పుడు దాన్ని ఒకరోజు బట్టల కింద, మరొకరోజు కారులో దాస్తూ, తీసే వీలు చిక్కని రోజుల్లో మాత్ర మానేశాను. సూదికి దాచవలసినదేమీ లేదు. నాకు ఇది అన్నిటికన్నా పెద్ద మేలు.

నొప్పి మాత్రం ఉంది. 3 మిల్లీలీటర్ల మందును పిరుదు కండరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. మొదటి రెండు సూదులు నెల తేడాతో, ఆపైన రెండు నెలలకొకటి. మొదటిసారి మూడు రోజులు కుర్చీలో ఒరిగి కూర్చున్నాను, చేతికి తగిలే గడ్డ వారం ఉంది. నాలుగో సూది నుంచి ఒక్కరోజు సలుపు, అంతే. ఈ సూదిని రోజువారీ మాత్రతో పోల్చి చూసిన హెచ్‌పీటీఎన్ 083 అనే క్లినికల్ ట్రయల్‌లో సూది వేయించుకున్నవారిలో దాదాపు 80 శాతం మందికి ఆ చోట బాధ కలిగినా, అందువల్ల మానేసినవారు 3 శాతం కూడా లేరంటే నాకు ఆశ్చర్యం లేదు. మాత్రల వారికంటే వారిలో హెచ్‌ఐవీ సోకడం 66 శాతం తక్కువ.

అసలు కష్టం తేదీతోనే. గడువుకు అటూ ఇటూ ఏడు రోజులే వెసులుబాటు. ప్రతిసారీ రక్తపరీక్ష, సగం రోజు సెలవు. ఒక సంక్రాంతికి ఇంటికి వెళ్లి, నాన్నగారి ఆపరేషన్ వల్ల ఆగిపోయినప్పుడు, డాక్టరు ముందే ఇచ్చి పంపిన మాత్రలతో నెట్టుకొచ్చాను. దాచుకునే బాధ మళ్లీ మొదలైంది. మానేయదలచినవారు ఒకటి గుర్తుంచుకోవాలి: మందు ఏడాదికిపైగా ఒంట్లో కొద్దికొద్దిగా మిగిలి ఉంటుంది కానీ ఆ మోతాదు రక్షణకు చాలదు, అప్పుడు వైరస్ సోకితే మందుకు లొంగకుండా పోవచ్చు. కాబట్టి ముప్పు ఉన్నంతకాలం మాత్రలకు మారవలసిందే.

హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకొకసారి చర్మం కింద వేసే మరో సూది మందు లెనకాపవిర్‌కు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని జనరిక్‌ను 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు అందించే ఒప్పందాలు హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో కుదుర్చుకోవడం నాకెంతో సంతోషం. ఆ సూది వల్ల చర్మం కింద గడ్డ చాలా కాలం ఉండవచ్చట; అది నాకు సమ్మతమే. దానికి మారడం గురించి ఈసారి డాక్టరును అడుగుతాను, ఎందుకంటే రెండు సూదుల మధ్య అమ్మానాన్నల ఆరు నెలలూ పూర్తిగా ఇమిడిపోతాయి.