బెంగళూరు నాణేల షో: చూడ్డానికి భేష్, గ్రేడింగ్‌కి ఇస్తే రసీదు భద్రం

ఆరు నాణేలు పుచ్చుకుని విజిటింగ్ కార్డు వెనకాల “సిల్వర్ 6” అని గీకి ఇస్తే దాన్ని రసీదు అనరు. కేజీ రోడ్డు శిక్షక సదనలో జరిగిన షోలో గ్రేడింగ్‌కి, అంటే నాణెం అసలుదేనా, ఎంత బాగుందీ తేల్చి అంకె వేయించడానికి, నాణేలు తీసుకుంటున్న ఒక ఏజెంటు ఇచ్చింది అదే. వెంట వచ్చిన బాబాయికి ఒళ్లు మండింది. “కిరాణా కొట్లో బెల్లం కొన్నా ఇంతకంటే మంచి చీటీ రాస్తారు కదయ్యా!” అని అక్కడికక్కడే అడిగేశారు. నాణేలు వెనక్కి తీసుకున్నాం.

చీటీ కంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. ఆ ఆరింటిలో 1862 విక్టోరియా రూపాయి ఒకటి, నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఒకటి. “అన్నీ అమెరికా పంపిస్తాం” అన్నాడు ఏజెంటు, ఏ మాత్రం తడుముకోకుండా. నూరేళ్లు నిండిన నాణెం 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువే. ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించడం నేరం. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. గ్రేడింగ్ చేయించి వెనక్కి తెప్పించుకుంటాం కదా అంటే కస్టమ్స్ వాళ్లు వినరు. కాబట్టి ఏ ఏజెంటునైనా మొదట అడగాల్సింది ఫీజు కాదు, గ్రేడింగ్ ఏ దేశంలో జరుగుతుందని.

హైదరాబాదు నాణేలకు ఈ నూరేళ్ల లెక్క తేల్చడం తేలికే. నాణెం మీది చార్మినార్ గుమ్మంలో ఉర్దూ ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్‌ది. ఆయన 1911లోనే పోయారు, కనుక అది బయటికి వెళ్లకూడదు. ‘ఐన్’ అక్షరం ఉంటే ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. హిజ్రీ సంవత్సరం చూడాలి. 1361 అంటే సుమారు 1942, కాబట్టి పంపొచ్చు. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల వెండి నాణేనికి ఏ ఇబ్బందీ లేదు.

అసలు గ్రేడింగ్ దేనికి చేయించాలి? మాకు చెప్పిన రేటు నాణేనికి 2,400, మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2,832. కొరియరు, ఇన్సూరెన్సు వేరే. వెండి ధర మీద కాస్త ఎక్కువ పలికే 1945 రూపాయికి ఇంత పెట్టడం దండగ. 1939 ఆరో జార్జి రూపాయికైతే పెట్టొచ్చు, ఎందుకంటే దాంట్లో నకిలీలు ఎక్కువ. తూకం ఒక్కటీ నమ్మొద్దు: 91.7 శాతం వెండి ఉన్న పాత రూపాయీ, 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయీ రెండూ 11.66 గ్రాములే. ఏడాది చివరి అంకె చెక్కి మార్చారేమో పది రెట్ల లెన్సుతో చూడాలి.

ఇక మన ఇళ్లలోని నాణేలతో వచ్చే చిక్కు చింతపండు. తోమి తళతళలాడించిన నాణేనికి, గ్రేడింగ్‌లో వాడే షెల్డన్ స్కేలు మీద 1 నుంచి 70 దాకా ఏ అంకే రాదు, “డీటెయిల్స్, క్లీన్డ్” అని లేబులు వేసి పంపుతారు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంటారు. దండల్లో వేసిన రూపాయిలదీ అదే గతి: కొక్కెం ఊడదీసినా అంచున టంకం మచ్చ మిగులుతుంది. నాణేన్ని రెండు వేళ్లతో నిలువుగా పట్టుకుని తిప్పుతూ అంచు చుట్టూ ఒకసారి చూస్తే ఇంట్లోనే తెలిసిపోతుంది.

ఇచ్చే ముందు రెండు వైపులా, అంచూ ఫోటో తీసి, తూకం రాసుకోవాలి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది; గట్టి మైలార్ ప్లాస్టిక్ ఫ్లిప్పులు (మడతపెట్టే చిన్న కవర్లు) వాడాలి, స్టేప్లర్ పిన్ను కొట్టకూడదు. రసీదులో ఒక్కో నాణేనికి దేశం, విలువ, సంవత్సరం, టంకశాల గుర్తు, తూకం, ప్రకటించిన ధర విడివిడిగా ఉండాలి. దారిలో పోతే ఇన్సూరెన్సు ఆ ప్రకటించిన ధరకే. ఫీజు తగ్గుతుందని ధర తక్కువ రాయమనే ఏజెంటుకు దూరంగా ఉండండి.

రైలు, లాడ్జీ, గాంధీనగర్‌లో దోశలు అన్నీ సుఖంగానే గడిచాయి. మెజెస్టిక్ దగ్గర దిగితే హాలుకు నడిచే వెళ్లొచ్చు.

హాల్లో బేరం గురించి ఒక మాట. మొదటి రోజు పొద్దున వెళితే మంచి సరుకు చూడొచ్చు, కానీ డీలరు ధర దించడు. ఆఖరి రోజు మధ్యాహ్నం టేబుళ్లు సర్దేటప్పుడు దించుతాడు, అప్పటికి మంచివి పోయుంటాయి. బాబాయి రెండో పద్ధతే పట్టుకుని నాలుగున్నర దాకా కాచుకుని, ఒక ‘ఐన్’ రూపాయి 4,500 అన్నది 3,800కి తెచ్చుకున్నారు. దాన్ని మాత్రం గ్రేడింగ్‌కి పంపరట.