కాగితాలున్న జాతి కుక్కా, కాగితాల్లేని పిల్లా, ఊరకుక్కా: ఏది మేలు?

కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకునే వారికి మన ఊళ్లలో సాధారణంగా మూడు దారులుంటాయి. జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే, చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నమోదైన తల్లిదండ్రులకు పుట్టి ధ్రువపత్రంతో వచ్చే పిల్ల మొదటిది; ‘అచ్చమైన జాతే, కాగితాలు మాత్రం లేవు’ అంటూ తక్కువ ధరకు అమ్మే పిల్ల రెండవది; వీధిలో పుట్టిన ఊరకుక్క పిల్ల మూడవది. కాగితం గొప్ప చెప్పుకోవడానికే పనికొస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, దాని అసలు ఉపయోగం పిల్ల ఎవరి బిడ్డో మనం స్వయంగా సరిచూసుకోగలగడంలో ఉంది.

ఆ సరిచూడడం ఎలాగో చెబుతాను. పిల్ల భుజాల మధ్య చర్మం కింద అమర్చిన మైక్రోచిప్ మీద స్కానర్ పెట్టించి, తెర మీద కనిపించే 15 అంకెల సంఖ్యను ధ్రువపత్రంలోని అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ కాగితం ఆ పిల్లది కాదు. తరువాత తండ్రి వైపు పెద్దల పేర్లను, తల్లి వైపు పేర్లను పక్కపక్కన చదవాలి. ఒకే మగ కుక్క ఇటు తాతగానూ అటు తాతగానూ కనిపిస్తే, పిల్ల తల్లిదండ్రులిద్దరూ ఒకే తండ్రి బిడ్డలన్నమాట. అది మన మేనరికాన్ని మించిన దగ్గరి సంబంధం. వంశంలో దాగిన జబ్బులు బయటపడే అవకాశం అందువల్ల పెరుగుతుంది. అంతే కాక, పెంపకందారులకు 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఆడకుక్కను 18 నెలలు నిండకుండా జతకట్టించకూడదు, ఏడాదిలో ఒక్క ఈతకు మించకూడదు, జీవితకాలంలో అయిదు ఈతలు దాటకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తేదీలతో కూడిన నమోదు ఉన్నచోట వీటిని నిలదీసి అడగవచ్చు.

అయితే కాగితం పుట్టుకకు సాక్ష్యమే తప్ప ఆరోగ్యానికి హామీ కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో తుంటి కీలు సరిగా అమరని లోపం వంశపారంపర్యంగా వస్తుంది కనుక, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలను విడిగా అడిగి చూడాలి. పగ్‌కు ఊపిరి ఆడకపోవడం, హస్కీ మన ఎండలకు అల్లాడిపోవడం కాగితం ఉన్నంత మాత్రాన తగ్గవు.

రెండవ దారిలో మేము నష్టపోయాం. లాబ్రడార్ అని తెచ్చిన పిల్ల ఏడాదిన్నరకే మెట్ల దగ్గర ఆగిపోయి, వెనుక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. ఎక్స్‌రేలో రెండు తుంట్లూ దెబ్బతిన్నాయని తేలింది. అమ్మినవారిని అడిగితే తల్లి ఏదో, తండ్రి ఏదో చెప్పలేకపోయారు. కాగితం ఉంటే ఆ జబ్బు రాకపోయేదని నేను అనను. కొనేముందు అడగవలసిన ప్రశ్నకు జవాబిచ్చే మనిషైనా ఉండేవాడు. జాతి పేరుకు డబ్బు తీసుకుని, ఆ జాతికి రుజువు చూపని ఈ బేరాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇంటికి తోడుగా, గేటు దగ్గర అలికిడికి మొరిగే కుక్క చాలనుకునే కుటుంబానికి ఊరకుక్కే మేలు. తరతరాలుగా మన ఎండకు, వానకు తట్టుకుని నిలిచిన రక్తం అది. పెద్దయ్యాక ఎంత ఎత్తు పెరుగుతుందో, స్వభావం ఎలా ఉంటుందో ముందుగా తెలియకపోవడమే లోటు. ఎదిగిన కుక్కను దత్తత తీసుకుంటే ఆ లోటూ తీరుతుంది. రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు మాత్రం ఏ కుక్కకైనా తప్పవు.

నమోదు విలువ కొనేవారి కంటే జాతికే ఎక్కువన్న సంగతి మన జోనంగిని చూస్తే అర్థమవుతుంది. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను కాసిన, పొట్టి వెంట్రుకల ఈ కుక్క వంశాన్ని ఎక్కువగా పెంచినవారి జ్ఞాపకమే కాపాడుతూ వచ్చింది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్‌లు కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థలో దేశీ జాతులుగా నమోదయ్యాయి. జోనంగిలోనూ ఏ పిల్ల ఏ పెద్దలదో రాసిపెట్టకపోతే, అది ఇతర రక్తాల్లో కలిసిపోయిన సంగతి కూడా మనకు తెలియదు.

పని కోసమో, ప్రదర్శనల కోసమో, ఒక జాతి మీది ఇష్టంతోనో పిల్లను ఎంచుకునేవారు కాగితాలున్నదానినే కొనాలి. డబ్బు చేతిలో పెట్టే రోజునే యాజమాన్య బదిలీ పత్రం మీద పెంపకందారుని సంతకం తీసుకోవాలి. ‘తరువాత పంపిస్తాం’ అంటే, కాగితం వచ్చే రోజునే పిల్లను తెచ్చుకుంటామని చెప్పి వెనుదిరగాలి.