క్యాలిబ్రేషన్ పాసైన మాగ్నెటోమీటర్ పిటో హీట్ దగ్గర తప్పింది

భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి విమానం ముక్కు ఏ దిక్కుకుందో చెప్పే, రెక్క కొసలో బిగించిన ఈ రిమోట్ మాగ్నెటోమీటర్‌తో 400 గంటలు ఎగిరాక రాస్తున్నాను. విమానం సొంతంగా కట్టుకున్నదే, అల్యూమినియం రేకుది, క్రూజ్ 150 నాట్లు. సెన్సర్ మంచిదే. నా కోపమంతా క్యాలిబ్రేషన్ (రీడింగు తప్పుల్ని సరిదిద్దే సర్దుబాటు) అయ్యాక తెర మీద పచ్చగా వెలిగే ‘పాస్’ మీద.

మొదట్లో దాన్ని తెగ మెచ్చుకున్నాను. విమానాన్ని ఒక్క చుట్టు తిప్పితే చాలు, ఎనిమిది దిక్కుల్లోనూ తేడా రెండు డిగ్రీల లోపే. అది ఇప్పటికీ నిజమే, కాకపోతే దగ్గర్లో కరెంటు పారనంత వరకే. సెన్సర్ పక్కన కదలకుండా ఉండే ఇనుము ప్రభావాన్ని మాత్రమే క్యాలిబ్రేషన్ లెక్కగట్టి తీసేయగలదు.

తూర్పుకు వెళ్తూ పిటో హీట్ (వేగం కొలిచే పిటో గొట్టానికి మంచు పట్టకుండా చేసే హీటర్) వేయగానే తెర మీది గాలి బాణం గిర్రున పక్కకు తిరిగి, లేని పక్కగాలిని 28 నాట్లు చూపించింది. స్విచ్ తీస్తే మామూలే. ఉత్తరానికి తిరిగి మళ్లీ వేస్తే ఏమీ లేదు. నేల మీద స్విచ్‌లన్నీ ఒక్కొక్కటే వేసి చూసిన పరీక్షలోనూ ఇది దొరకలేదు. అప్పుడు ముక్కు ఉత్తరానికే ఉంది.

పిటో హీట్ వైరు రెక్క పొడవునా సెన్సర్ కింద 30 సెంటీమీటర్ల దూరంలో పోతోంది. అందులో 10 ఆంపియర్లు పారితే సెన్సర్ దగ్గర దాదాపు 6.7 మైక్రోటెస్లాల క్షేత్రం, అదీ ముక్కు-తోక దిశలో. ఉత్తరానికి ఎగిరేటప్పుడు అది భూమి క్షేత్రంతో ఒకే గీతలో పడుతుంది కాబట్టి హెడింగ్ (ముక్కు చూపే దిక్కు) కదలదు. తూర్పుకో పడమరకో తిరిగితే అడ్డంగా పడుతుంది. భూమి క్షేత్రంలో నేలకు సమాంతరంగా ఉండే భాగం 35 మైక్రోటెస్లాలున్న చోట అది దగ్గర దగ్గర 11 డిగ్రీల తప్పు. గాలిని లెక్కగట్టేది ఈ హెడింగ్ నుంచే కాబట్టి లేని గాలి కనిపించింది.

అసలు లోపం గ్రౌండ్‌ది, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారిది. పిటో దగ్గరే రేకుకి గ్రౌండ్ చేస్తే తిరుగు కరెంటు రెక్కంతా పరుచుకుని వస్తుంది, వైరు క్షేత్రాన్ని రద్దు చేయదు. పిటో నుంచి రిటర్న్ వైరు విడిగా లాగి, పాజిటివ్ వైరుతో అంగుళానికో మెలిక చొప్పున పేని, ప్యానెల్ వెనక గ్రౌండ్‌కి కలిపాక తేడా ఒక డిగ్రీ లోపుకి వచ్చింది. ల్యాండింగ్ లైటుకీ ఇదే చేయాలి. పరీక్ష మాత్రం ముక్కు ఉత్తరానికి ఒకసారి, తూర్పుకి ఒకసారి పెట్టి చేయాలి. పిటో కవరు తీసి, హీట్ ఎక్కువసేపు వేసి ఉంచకుండా చూసుకోవాలి.

బిగింపులో ఇత్తడి స్క్రూలే వాడండి. స్టెయిన్‌లెస్ అన్నవాటిలో కొన్నిటికి అయస్కాంతం అంటుకుంటుంది, దారానికి చిన్న అయస్కాంతం కట్టి ప్రతిదాని పక్కనా వేలాడదీసి చూడండి. ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు వంచడానికి రెక్క వెనక కదిలే పలక) ముందంచులో బరువు కోసం ఇనప గొట్టం ఉంటే స్టిక్ కదిపినప్పుడల్లా హెడింగ్ కదులుతుంది. దానికి దూరం తప్ప మందు లేదు. సెన్సర్ బ్రాకెట్ ఒరుగు ఏహెచ్ఆర్ఎస్ (విమానం ఒరుగునీ దిక్కునీ లెక్కగట్టే పెట్టె) ఒరుగుతో అర డిగ్రీ లోపు సరిపోవాలి, రెండిటి మీదా డిజిటల్ లెవెల్ పెట్టి చూసుకోవచ్చు. భూమి క్షేత్రం 60 డిగ్రీలు కిందికి వాలే ప్రాంతాల్లో ఒక డిగ్రీ ఒరుగు హెడింగ్‌లో 1.7 డిగ్రీల దాకా అవుతుంది.

వైర్లు మార్చాక నేనైతే మళ్లీ ఇదే కొంటాను. రెక్క రివెట్లు ఇంకా మూయనివాళ్లకి నిస్సంకోచంగా చెప్తాను. మూసేసినవాళ్లు ముందు రిటర్న్ వైరు లాగే దారి ఉందో లేదో చూసుకోవాలి. ఫైబర్ విమానాల్లో రిటర్న్ వైరు ఎలాగూ ఉంటుంది కనుక, అది పాజిటివ్ పక్కనే నడుస్తుంటే, ఈ గొడవ వాళ్లకు రాకపోవచ్చు.