వెయిట్ మిషిన్ మంచిదే, దాని యాప్‌ని మాత్రం కడుపుతోని ఉన్నోళ్ళు నమ్మకుర్రి

నల్గొండ క్లాక్ టవర్ దిక్కు ఒక షాపుల 1,150 పెట్టి తెచ్చుకున్నం, ఫోన్‌కి కలిసే డిజిటల్ వెయిట్ మిషిన్. నాకిప్పుడు ఏడో నెల. ఒక్క వారంలనే కిలోకి మించి పెరిగి మొహం, చేతులు వాస్తే లేట్ చెయ్యక బీపీ చూపియ్యాలె అని నర్సమ్మ అన్నది, అంగన్‌వాడిల నెలకోసారే తూకం, అందుకే మా ఆయన్ని సతాయించి కొనిపిచ్చిన.

తూకం కరెక్టే. బండల మీద పెట్టి మూడుసార్లు ఎక్కినా అదే అంకె. తెలివి లేక మొదటిసారి చాప మీద పెట్టిన, రెండు కిలోలు తక్కువ చూపెట్టింది, బిడ్డ పెరుగుతలేదేమోనని రాత్రంత నిద్ర లేదు. ఇప్పుడైతే పొట్ట అడ్డమొచ్చి కింద అంకెలే కనబడతలేవు, అత్తమ్మ వంగి చదువుతది.

లొల్లంత యాప్‌తోనే. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు అని పడంగనే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా లేదా అని చూసే లెక్క) 25.4 అంట, ఎర్రగ ఓవర్‌వెయిట్ అని పెట్టి బరువు తగ్గుమంటది! ఏడో నెలల డైటింగా? డాక్టరమ్మకు చూపెడితే నవ్వింది. కడుపు రాకముందున్న బరువుతోని చెయ్యాలంట ఈ లెక్క, నేనప్పుడు 52, అంటే 21.6, నార్మల్. అమెరికాల 2009ల పెట్టిన చార్ట్ ఉంది, దాని ప్రకారం నార్మల్ ఉన్నోళ్ళు మొత్తం 11.5 నుంచి 16 కిలోలు పెరగాలె, బీఎంఐ 18.5 కన్న తక్కువున్న బక్కోళ్ళు 12.5 నుంచి 18, 25 దాటినోళ్ళు 7 నుంచి 11.5, 30 దాటితే 5 నుంచి 9 చాలు. కవలలైతే లెక్క వేరే. నాలుగో నెల నుంచి నాలాంటోళ్ళకు వారానికి 400 గ్రాములు అటూఇటూ, అంటే నా 9 కిలోలు సక్కగనే ఉన్నయి.

ఇంకోటి, ఒంట్ల కొవ్వు ఎంతుందో చెప్తనని కాళ్ళ నుంచి సన్నగ కరెంట్ పంపిస్తది ఇది, గర్భిణీలు ఆ ఆప్షన్ వాడొద్దని బుక్కుల చీమంత అక్షరాలతోని రాసిర్రు, అమ్మినాయన ఒక్క ముక్క చెప్పలే. బంద్ పెట్టిన.

యాప్ తగ్గుమంటది, అత్తమ్మేమో ఇద్దరి తిండి తినాలె అని కంచంల కుప్ప పోస్తది. రోజుకు 350 క్యాలరీలు ఎక్కువైతే సరిపోతదంట, రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు, అంతే.

మిషిన్‌కి 4 స్టార్లు, యాప్‌కి ఒకటి, అదీ దయతోని. ఎక్కేటప్పుడు గోడ పట్టుకోర్రి, తడి కాలు పెడితే అద్దం మీద జర్రున జారుతది.